మెత్తటి ఒళ్లు రాయిగా నిలవాలంటే ఏ దారి మేలు: షేలా, ఫాస్ఫేటా?

ఎముకో గుల్లో ఉన్న ప్రాణి శిలాజం కావడంలో ఆశ్చర్యపడాల్సింది పెద్దగా లేదు. తమాషా అంతా పురుగులు, జెల్లీఫిష్‌లు, రొయ్య కండ లాంటివి కోట్ల ఏళ్లు నిలవడంలో ఉంది. నాది ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల్లో నీళ్లూ మట్టీ పరీక్షించే పని. శిలాజాల గురించి చదవడం ఖాళీ దొరికినప్పటి పిచ్చి. ఈ సంగతి తెలిసిన డిగ్రీ పిల్లలు, అప్పుడప్పుడు వాళ్ల లెక్చరర్లు కూడా, తిప్పితిప్పి ఒకటే అడుగుతుంటారు: "కెనడా బర్జెస్ షేల్ గొప్పదా, స్వీడన్ ఫాస్ఫేట్ శిలాజాలు గొప్పవా, అంబర్ గొప్పదా? ఏదో ఒకటి తేల్చండి సార్." షేల్ అంటే బంకమట్టి బురద పొరలుగా గట్టిపడ్డ రాయి, ఫాస్ఫేట్ అంటే ఒంటి భాగాల చోటు ఆక్రమించే కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం, అంబర్ అంటే రాయిగా మారిన చెట్టు బంక. ఇన్నాళ్లూ "దేని గొప్ప దానిదే" అని దాటేస్తూ వచ్చాను. అది మర్యాదగా ఉంటుందే తప్ప అడిగినవాడికి ఏమీ తేలదు. నాకు ఒక పక్షం ఉంది, అది ఫాస్ఫేట్ పక్షం. ఎందుకో చెప్తాను. షేలే గొప్పదనేవాళ్ల దగ్గరా గట్టి కారణాలున్నాయి, వాటినీ దాచను.

చాలామంది శిలాజాన్ని అందం చూసి తూకం వేస్తారు. రెక్క మీద ఈనెలు కనిపిస్తున్నాయా, కంటి గళ్లు లెక్కపెట్టొచ్చా, ఫొటో బాగా వస్తుందా అని. నేను ముందు అడిగేది ఇంకొకటి: ఆ ప్రాణి చచ్చాక కుళ్లడం ఏ దశలో ఆగింది? మిగతావన్నీ నా లెక్కలో దాని తర్వాతే.

రొయ్యల దగ్గర పనిచేసేవాళ్లకు ఇది ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. పట్టుబడి రోజు ఐస్ రావడం ఆలస్యమైతే ఏమవుతుందో చూడండి. తోక ఇంకా గట్టిగా, మెరుస్తూ ఉంటుంది. తల మాత్రం అప్పటికే చెడటం మొదలుపెడుతుంది. తలలో ఉండే హెపటోపాంక్రియాస్ అనే జీర్ణగ్రంథి నిండా జీర్ణరసాలే. ప్రాణం ఉన్నంతసేపూ అవి అదుపులో ఉంటాయి. పోయాక వాటిని ఆపేవాళ్లు లేరు, బయటి బాక్టీరియా వచ్చి చేరకముందే తమ గ్రంథిని తామే అరిగించేస్తాయి. తల పెంకు కింద గోధుమరంగు నీరు పరుచుకుంటుంది, తలకూ తోకకూ మధ్య అతుకు వదులవుతుంది, కాళ్ల మొదళ్లలోనూ పెంకు అంచుల్లోనూ నలుపు కమ్ముతుంది. కొనేవాడు నాలుగు రొయ్యలు పైకెత్తి, తలలు వేలాడుతున్నాయా లేదా అని చూసి రేటు కోసేస్తాడు. తోకలు చూపించి ఎంత బతిమాలినా వినడు. అతనికి తెలుసు, కుళ్లడానికి ఒక వరస ఉందని.

ఈ వరసే శిలాజాలు చదివేవాళ్లను బోల్తా కొట్టిస్తుంది. ఇంగ్లండ్‌లోని లీస్టర్ యూనివర్సిటీలో రాబర్ట్ శాన్సమ్, శారా గాబట్, మార్క్ పర్నెల్ కలిసి చేపలాంటి చిన్న జీవి యాంఫియాక్సస్‌నూ, దవడ లేని చేప లాంప్రే లార్వాలనూ కావాలని కుళ్లబెట్టి, ఏ భాగం ఎప్పుడు పోతోందో రాసుకున్నారు. 2010లో వచ్చిన ఆ ఫలితం ఇది: ఒక జీవి ఫలానా గుంపుకు చెందినదని గుర్తుపట్టించే ప్రత్యేక లక్షణాలే ముందు మాయమవుతాయి. పెద్ద గుంపు మొత్తానికీ ఉమ్మడిగా ఉండే పాత లక్షణాలు చివరిదాకా మిగులుతాయి. అంటే సగం కుళ్లి రాయైన జీవి, తాను నిజంగా ఉన్నదానికన్నా పాతకాలపుదిగా కనిపిస్తుంది. వంశవృక్షంలో పై కొమ్మ మీద ఉండాల్సినదాన్ని కింది కొమ్మ మీద కూర్చోబెడతాం, శిలాజం ఎంత అందంగా ఉన్నా సరే. అందం కంటే గడువు ముఖ్యమని నేను అనేది ఇందుకే.

ముందుకు వెళ్లేముందు ఇంకో అపోహ తీసేయాలి. "ఆక్సిజన్ లేని బురదలో పడితే కుళ్లదు, అందుకే శిలాజం అవుతుంది" అని పుస్తకాల్లో చదువుకున్నాం. గుంట అడుగు మట్టి చేతిలోకి తీసుకున్నవాడు దాన్ని నమ్మలేడు. పైన పల్చటి పూత, దాని కింద కాటుకలాంటి నల్లటి బురద, ముక్కు పగిలే కుళ్లిన గుడ్డు కంపు. అక్కడ ఆక్సిజన్ చుక్క కూడా లేదు. మరి పోయిన పంటలో చచ్చి అడుగున పడ్డ రొయ్యలు ఆ బురదలో భద్రంగా ఉండాలి కదా? గుంట ఎండగట్టి మట్టి తిరగేస్తే పెంకు ముక్కలు దొరికితే గొప్ప. ఆక్సిజన్ అయిపోయాక పని అందుకునే బాక్టీరియా వేరే ఉంది. అది ఉప్పునీటిలోని సల్ఫేట్‌ను వాడుకుంటూ శవాన్ని తింటుంది, ఆ పనిలో వెలువడేదే కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్. పీటర్ ఆలిసన్ 1988లోనే ప్రయోగాలు చేసి, ఆక్సిజన్ లేనంత మాత్రాన కుళ్లడం ఆగదని చూపించాడు. ఆక్సిజన్ లేకపోవడం వల్ల కలిగే మేలు ఏమిటంటే, పీతలూ పురుగులూ అటువైపు వచ్చి పీక్కుతినవు. శవం చెదరకుండా ఒకచోట ఉంటుంది. ఆ తర్వాత బాక్టీరియా నోరు ఎవరో మూయించాలి, లేదా బాక్టీరియా తిని ముగించేలోపు ఖనిజం ఆ చోటు ఆక్రమించాలి. షేల్ మొదటి దారి, ఫాస్ఫేట్ రెండో దారి.

షేల్ సంగతి

బర్జెస్ షేల్ కథ మీకు తెలిసిందే. 1909లో కెనడా రాకీ పర్వతాల్లో చార్లెస్ వాల్కాట్ కళ్లబడింది, వయసు సుమారు 50.8 కోట్ల ఏళ్లు, ఆయన ఒక్కడే 65,000కు పైగా నమూనాలు తవ్వుకుపోయాడు. చైనాలో యునాన్‌లోని చెంగ్‌జియాంగ్ దానికి అన్న వరస, సుమారు 51.8 కోట్ల ఏళ్లది, 1984లో హౌ షియాన్‌గ్వాంగ్ కనిపెట్టాడు. రెండు చోట్లా జరిగింది స్థూలంగా ఒకటే. సన్నటి బంకమట్టి బురద ఒక్కసారిగా కదిలొచ్చి ప్రాణుల్ని కప్పేసింది, శరీరం పల్చటి కార్బన్ పొరగా మిగిలింది.

బురద మీద పడ్డంత మాత్రాన బాక్టీరియా ఎందుకు ఆగిందన్నదాని మీద చాలాకాలంగా వాదన నడుస్తోంది. బంకమట్టి రేణువులు కుళ్లబెట్టే ఎంజైములకు అతుక్కుని వాటిని పనిచేయనివ్వలేదని నికొలస్ బటర్‌ఫీల్డ్ అన్నాడు. రాబర్ట్ గెయిన్స్ బృందం 2012లో ఇంకో కోణం చూపించింది: ఆనాటి సముద్రంలో సల్ఫేట్ తక్కువ, పైగా బురద పొర పైభాగంలో కార్బొనేట్ (సున్నపురాయిలో ఉండే ఖనిజం) తొందరగా గట్టిపడి మూతలా బిగుసుకుంది. పైనుంచి కొత్త సల్ఫేట్ దిగే దారి మూసుకుపోయేసరికి, లోపలున్న బాక్టీరియా ఉన్నది తిని పస్తు పడుకుంది. నాకు ఈ రెండోది ఎక్కువ నచ్చుతుంది. పైనుంచి సల్ఫేట్ అందుతూ ఉంటే ఏమవుతుందో మా గుంటల అడుగున పంట పంటకూ చూస్తున్నా కాబట్టి కావచ్చు.

ఈ శిలాజాలను ఎండలో వాల్చి చూస్తే వెండిలా మెరుస్తాయి. పొర మీద అభ్రకం కుటుంబానికి చెందిన అల్యూమినోసిలికేట్ ఖనిజాలు చేరడం వల్ల ఆ మెరుపు. గూడూరు వైపు అభ్రకం గనుల దిబ్బల మీద నడిచినవాళ్లు ఆ మెరుపును ఇట్టే ఊహించుకోగలరు.

షేల్‌కు ఉన్న అసలు బలం, అది ఊరు ఊరంతటినీ పట్టుకొస్తుంది. చిన్నా పెద్దా, గుల్ల ఉన్నదీ లేనిదీ, పురుగూ స్పాంజీ అన్నీ ఒకే పలక మీద. ఒట్టోయా అనే పురుగు పేగులో అది చివరిసారి మింగిన తిండి కూడా కనిపిస్తుంది. ఒక కాలపు సముద్రంలో ఎవరు ఎవరితో కలిసి బతికారు, ఎవరు ఎవరిని తిన్నారు అన్నది మీ ప్రశ్న అయితే, షేల్‌ను కొట్టేది లేదు. ఫాస్ఫేట్ ఈ విషయంలో దాని కాలిగోటికి కూడా సరిపోదు. షేల్ పక్షం వాళ్ల వాదన ఇదే, నేను కాదనను.

నా అభ్యంతరం మర్రెల్లాను చూసినప్పుడు మొదలవుతుంది. బర్జెస్‌లో అన్నిటికన్నా ఎక్కువగా దొరికే చిన్న కీటకంలాంటి జీవి అది. చాలా నమూనాల్లో శరీరం చివర పక్కన ఒక నల్లటి మరక ఉంటుంది. ఆ మరక ఏమిటంటే, కుళ్లేటప్పుడు శరీరంలోంచి బయటికి కారిన రసం. మనం రొయ్య తల పెంకు కింద చూసిన ఆ గోధుమ నీరు లాంటిదే, రాతిలో ముద్ర పడిపోయింది. అంటే మూత బిగిసేలోపే గడియారం కొంత తిరిగింది. షేల్ చెప్పే సాక్ష్యం నిజమే గానీ, సాక్షి సంఘటన అయ్యాక కాస్త ఆలస్యంగా వచ్చాడు.

దానికి తోడు అన్నీ అణిగిపోయి పల్చబడటం. బర్జెస్ సముద్రపు పెద్ద వేటగాడు అనొమలోకారిస్ గొడవ రొయ్యల జిల్లా వాళ్లకు చెప్పి తీరాలి. 1892లో దాని వంపు తిరిగిన ముందు చేయి ఒక్కటే దొరికితే, అది తల లేని రొయ్య మొండెం అనుకున్నారు. గుండ్రటి నోరు విడిగా దొరికితే జెల్లీఫిష్ అన్నారు. మొండేనికి ఇంకో పేరు పెట్టారు. 1985లో హ్యారీ విటింగ్టన్, డెరెక్ బ్రిగ్స్ ఇవన్నీ ఒకే జంతువు ముక్కలని తేల్చేదాకా, ఒక్క వేటగాడి శవం వేర్వేరు పేర్లతో మ్యూజియం అరల్లో పడి ఉంది. ముళ్ల పురుగులాంటి హలూసిజీనియాదైతే ఇంకా ఘోరం. 1977లో దాన్ని తలకిందులుగా నిలబెట్టి, వీపు మీది ముళ్లను కాళ్లన్నారు. 1991లో గానీ సరిగ్గా తిరగేయలేదు. పొరలా అణిగిన శరీరంలో ఏది పైన, ఏది కింద అన్న మొదటి ప్రశ్నకే ఇన్నేళ్లు పట్టింది.

ఫాస్ఫేట్ సంగతి

ఇక నా పక్షం. స్వీడన్‌లోని సున్నపురాయి గడ్డల్ని పల్చటి ఎసిటిక్ యాసిడ్‌లో, అంటే వెనిగర్‌లో ఉండే యాసిడ్‌లోనే, నానబెడితే సున్నం కరిగిపోయి అడుగున ఇసుకలాంటి మడ్డి మిగులుతుంది. 1970లలో క్లాస్ ముల్లర్ ఆ మడ్డిని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టాడు. దాదాపు 50 కోట్ల ఏళ్ల నాటి రొయ్య చుట్టాలు, అణగకుండా, నిండుగా, కాళ్ల మీది వెంట్రుకలతో సహా కనిపించాయి. లార్వా మొదటి దశ, తర్వాతి దశ, ఆ తర్వాతది వరసగా. హేచరీలో నాప్లీ దశ నుంచి సీడ్ దాకా పెంచేవాళ్లు ఆ ఫొటోలు చూస్తే కొత్తగా అనిపించవు. వీటినే ఓర్‌స్టెన్ శిలాజాలంటారు.

కండ సంగతి ఇంకా విచిత్రం. బ్రెజిల్‌లోని సంతానా శిలల్లో దొరికే క్రెటేషియస్ కాలపు (డైనోసార్ల యుగంలో చివరి భాగం) చేపల్లో కండర తంతువుల మీది అడ్డచారలు కూడా ఫాస్ఫేట్‌గా మారి ఉన్నాయి. బతికి ఉన్న చేప మొప్పల్లో ఉండేంత సున్నితమైన భాగాలు చెడకుండా ఉన్నాయంటే, ఇది చచ్చిన కొన్ని గంటల్లోనే మొదలై ఉండాలని డేవిడ్ మార్టిల్ 1989లో వాదించాడు. గంటలు! ఐస్ ఆలస్యమైందని మనం గొడవ పడేదీ గంటల్లోనే. నా తూకంలో ముల్లు ఇక్కడే వాలిపోయింది.

ఇది ఎలా జరుగుతుందో తేల్చింది మన రొయ్యలే అంటే నమ్మండి. డెరెక్ బ్రిగ్స్, అమాండా కేర్ 1990లలో ప్రయోగశాలలో రొయ్యల్ని సముద్రపు నీళ్లలో ఉంచి, రకరకాల పరిస్థితుల్లో కుళ్లబెట్టారు. మూత బిగించి, గాలి తగలని సీసాల్లో కొన్ని వారాల్లోనే కండ మీద కాల్షియం ఫాస్ఫేట్ పేరుకుంది. కోట్ల ఏళ్లు, లోతైన భూమి, పెద్ద ఒత్తిడి ఏవీ అవసరం పడలేదు. ఇందులో కీలకం పీహెచ్, అంటే నీటి ఆమ్ల గుణానికి కొలత; అది తగ్గేకొద్దీ నీరు పులుపెక్కుతుంది. శవం చుట్టూ నీరు కదలకుండా మూసుకుపోతే, కుళ్లేటప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడూ ఆమ్లాలూ బయటికి పోలేక అక్కడే పోగవుతాయి. పీహెచ్ పడిపోతుంది. అది పడితే కాల్షియం కార్బొనేట్ పేరుకోలేదు, ఫాస్ఫేట్‌కు దారి వదులుతుంది. అదే పీహెచ్ పడకుండా నిలబడితే కార్బొనేట్ స్ఫటికాలు వస్తాయి. అవి ముతకగా, ఆకారాన్ని చెడగొడుతూ పెరుగుతాయి. కండలోని సన్నటి గీతల్ని పట్టుకునే శక్తి వాటికి లేదు. ఫాస్ఫేట్ రేణువులు అతి చిన్నవి, అందుకే అచ్చు అంత నాణ్యంగా వస్తుంది. కావాల్సిన ఫాస్ఫరస్‌లో కొంత రొయ్య ఒంట్లోంచే వస్తుంది.

ఇది ఒకసారి గట్టు మీద కూర్చుని చెప్తుంటే ఒక రైతు అందుకున్నాడు: "బతికున్నన్నాళ్లూ పీహెచ్ టెన్షనే. చచ్చినాక కూడా దానికి పీహెచ్ చూడాలా, ఏంది సార్ మా ఖర్మ!" చూడాలి మరి. కాకపోతే లెక్క తిరగబడుతుంది. గుంటలో రొయ్య బతకాలంటే పీహెచ్ పడకూడదు, అందుకే సున్నమూ డోలమైటూ చల్లుతాం. రొయ్య రాయి కావాలంటే దాని ఒంటి చుట్టూ ఉన్న ఆ కాస్త నీటిలో పీహెచ్ పడాలి.

ఇక్కడ నాకు బాగా నచ్చే విషయం, కుళ్లడం శత్రువుగా ఉండటం మానేసి పనివాడవుతుంది. షేల్‌లో బాక్టీరియాను ఆపాలి. ఫాస్ఫేట్‌లో బాక్టీరియా తినడం మొదలుపెట్టడం వల్లే పీహెచ్ పడుతుంది, పడటం వల్లే ఖనిజం వస్తుంది. అసలు కుళ్లకపోతే ఈ దారి తెరుచుకోదు, మరీ కుళ్లితే తెరుచుకునేసరికి లోపల ఏమీ ఉండదు.

లోపాలు ఉన్నాయి, చిన్నవి కావు. మొదటిది సైజు. ఓర్‌స్టెన్ జీవులు రెండు మిల్లీమీటర్లు దాటవు. పెద్ద శరీరాల్లో అక్కడక్కడ కండ, పేగు, మొప్ప మాత్రమే ఫాస్ఫేట్ అవుతాయి. ఊరంతటి కథ కావాలంటే ఇది చెప్పలేదు, ఒక్కో ఇంట్లోని ఒక్కో గది మాత్రం దీపం పట్టి చూపిస్తుంది. రెండోది, ఇంత స్పష్టంగా కనిపించినా పోలిక విషయంలో మోసపోవచ్చు. చైనాలోని దౌషాంతువో శిలల్లో ఫాస్ఫేట్‌గా మారిన గుండ్రటి కణాల ముద్దలు దొరికితే, 1998లో వాటిని తొలినాటి జంతువుల పిండాలన్నారు. 2007లో కొందరు, అవి పెద్ద సైజు సల్ఫర్ బాక్టీరియా కావచ్చన్నారు. 2011లో ఇంకొందరు, రెండూ కాదు, ఏకకణ జీవుల చుట్టాలన్నారు. రెండు, నాలుగు, ఎనిమిది కణాలుగా విడిపోవడం లెక్కపెట్టగలిగేంత స్పష్టత ఉంది, ఎవరివో మాత్రం తేలలేదు. షేల్ పక్షం వాళ్లు నా మీదికి విసిరే రాయి ఇదే, బాగానే తగులుతుంది.

అయినా నేను పక్షం మార్చను. కారణం బర్జెస్ షేల్‌లోనే ఉంది. లియాంకోయిలియా అనే జీవి ఒళ్లంతా అణిగి పొరైపోయినా, నడుమ పేగు పక్కనున్న జీర్ణగ్రంథులు మాత్రం ఉబ్బెత్తుగా, మూడు కొలతల్లో నిలిచి ఉంటాయి. 2002లో బటర్‌ఫీల్డ్ వాటిని పరిశీలిస్తే ఫాస్ఫేట్ అని తేలింది. జీర్ణగ్రంథి, అంటే రొయ్య తలలో అందరికన్నా ముందు కరిగిపోయే హెపటోకు సాటి అవయవం. కుళ్లడంలో మొదటి వరసలో ఉండాల్సినదే అక్కడ అన్నిటికన్నా నిండుగా మిగిలింది. దానిలోనే ఫాస్ఫరస్ నిల్వ ఉండటం, అందరికన్నా ముందు కుళ్లడం మొదలుకావడం, ఈ రెండూ కలిసి ఖనిజాన్ని అక్కడికి ముందుగా రప్పించాయి. షేల్ తన ఇంట్లో కూడా లోపలి అవయవం చూపించాలంటే ఫాస్ఫేట్‌నే పిలుచుకోవాల్సి వచ్చింది.

మిగతా దారులు

ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం పైరైట్ గురించి అడిగేవాళ్లు తక్కువే గానీ దానికి మూడో స్థానం ఇస్తాను. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని బీచర్ ట్రైలోబైట్ పొరలో ట్రైలోబైట్ల (ఎప్పుడో అంతరించిన, పెంకున్న సముద్రపు జీవులు) కాళ్లూ మీసాలూ పసుపు లోహపు రంగు పైరైట్‌గా మారి ఉంటాయి. జర్మనీ హున్స్‌రుక్‌లో ఇళ్ల పైకప్పుకు పలకరాయి తీసే గనుల్లో దాదాపు 40 కోట్ల ఏళ్ల నాటి డెవోనియన్ కాలపు జీవులు దొరికాయి. పలకను పగలగొట్టకుండానే విల్‌హెల్మ్ స్టూర్మర్ ఎక్స్‌రే తీసి లోపలి కాళ్లను చూపించాడు. గుంట నల్లమట్టి విషయం మళ్లీ ఇక్కడ పనికొస్తుంది. సల్ఫైడ్, ఇనుము రెండూ ఉంటే పైరైట్ వస్తుంది కదా, మరి మన గుంటల్లో రొయ్యలు పైరైట్ ఎందుకు కావు? మట్టి నిండా మేతా మలమూ ఉన్నప్పుడు సల్ఫైడ్ అన్నిచోట్లా పుడుతుంది, ఇనుము అన్నిచోట్లా దాన్ని పట్టుకుంటుంది, మట్టంతా నల్లబడుతుంది, శవానికి ప్రత్యేకంగా ఏమీ మిగలదు. బీచర్ పొరలో బురద శుభ్రం, ఇనుము దండి, కుళ్లే పదార్థం శవం ఒక్కటే. అందుకే సల్ఫైడ్ పుట్టిన చోటే, శవం మీదే, పైరైట్ గట్టిపడింది. ఇంత కచ్చితమైన పొందిక అరుదు, అందుకే ఈ దారికి మూడో స్థానం.

ఇలినాయ్‌లోని మేజాన్ క్రీక్‌ది ఇనుప కార్బొనేట్ గడ్డల కథ. నది సముద్రంలో కలిసే చోట, ఉప్పు తక్కువ కాబట్టి సల్ఫేట్ కూడా తక్కువ, ఇనుము పైరైట్ కాకుండా సైడరైట్, అదే ఆ ఇనుప కార్బొనేట్, అయింది. పెన్న మొగ దగ్గర నీళ్లు రుచి చూసినవాళ్లకు ఆ తేడా తెలుసు. అక్కడ బోలెడు దొరికే ఎసెక్సెల్లాను జెల్లీఫిష్ అనుకుంటూ వచ్చారు. 2023లో తలకిందులు చేసి చూసి సముద్రపు అనెమోనీ (పువ్వులా కనిపించే జంతువు) అన్నారు. జెల్లీఫిష్ కావాలంటే విస్కాన్సిన్‌కు వెళ్లాలి. కేంబ్రియన్ కాలపు (బర్జెస్ షేల్ కూడా ఆ కాలానిదే) తీరాన ఒడ్డుకు కొట్టుకొచ్చిన జెల్లీఫిష్‌లు ఇసుకలోనే ముద్రలుగా మిగిలాయి. కొత్తపట్నం, మైపాడు ఒడ్డున పడేవి మిగలవు. కాకులూ కుక్కలూ పీతలూ వదలవు. కేంబ్రియన్ ఒడ్డున ఇవేవీ లేవు.

ఆస్ట్రేలియా ఎడియాకరా కొండల్లో, 1946లో రెగ్ స్ప్రిగ్ చూసిన ముద్రలు ఇసుకరాతిలో ఉంటాయి. సూక్ష్మజీవుల చాప శవాన్ని కప్పి, దాని మీది ఇసుకను గట్టిపరిచి, ముఖానికి తీసిన అచ్చులా పై ఆకారాన్ని మాత్రం ఇచ్చింది. లోపల ఏముందో తెలియదు. ఈ దారిని నమ్మడంలో జాగ్రత్త అవసరమని మధ్యప్రదేశ్‌లోని మన భీమ్‌బేట్కా నేర్పింది. 2021లో అక్కడి గుహ కప్పు మీద ఎడియాకరా నాటి చదునైన జీవి డికిన్సోనియా దొరికిందని ప్రకటించారు. తర్వాత ఇంకో బృందం వెళ్లి చూస్తే అది రాలిపోతున్న తేనెతుట్టె.

అంబర్ సంగతి రెండు మాటల్లో తేలుతుంది. చూడటానికి అదే అన్నిటికన్నా అందం, అమ్మకానికీ అదే. చెట్టు బంక కారే చోటుకు వచ్చిన చిన్న ప్రాణులే పడతాయి, సముద్రం మొత్తం లెక్కలోనే ఉండదు. చాలావాటిలో లోపల ఖాళీ డొల్ల. మన దేశంలో గుజరాత్ లిగ్నైట్ గనుల అంబర్‌లో ఐదు కోట్ల ఏళ్ల నాటి పురుగులు బాగా దొరికాయి, ఇష్టమున్నవాళ్లు వాటి గురించి చదువుకోండి. మంచులో గడ్డకట్టిన మామత్‌లను నేను ఈ లెక్కలో కలపను. అది కోల్డ్ స్టోరేజీ, కరెంటు పోతే అయిపోయింది.

మన దగ్గర దొరుకుతాయా?

ఆఖరికి అందరూ ఇక్కడికే వస్తారు. చీమకుర్తి గెలాక్సీ రాయిలో దొరకవు, అది కరిగిన శిలాద్రవం చల్లారి అయినది. మార్కాపురం పలకల మీద ఆశ ఎక్కువమందికి ఉంది, హున్స్‌రుక్ కూడా పలకరాయే కదా అని. ఆశ సబబే, వయసు మాత్రం కలిసి రాదు. ఆ రాళ్లు వంద కోట్ల ఏళ్లకు పైబడినవి, జంతువులు పుట్టకముందు బురదగా పడినవి. అప్పట్లో శిలాజం కావడానికి మెత్తటి జంతువే లేదు.

దొరికేది ఒంగోలు ప్రాంతపు వేమవరం షేల్‌లో. క్రెటేషియస్ తొలినాటి ఆ లేత పొరల్లో ఉన్న ఆకుల శిలాజాలను ఒట్టోకార్ ఫైస్ట్‌మాంటెల్ 1879లోనే వర్ణించాడు. ఈకలా రెండువైపులా సన్నటి ఆకులున్న టిలోఫిల్లం అనే మొక్క ముద్రలు వాటిలో ప్రసిద్ధం. ఆకు కూడా మెత్తటిదే అని నాతో వాదించేవాళ్లున్నారు. మెత్తటిదే, కానీ దాని పైన మైనంలాంటి గట్టి పొర ఉంటుంది. రొయ్య హెపటోకు గంటల గడువైతే, నీటి అడుగున పడ్డ ఆకు నెలలు ఆగగలదు. అంత తొందర లేనిచోట ఫాస్ఫేట్ అవసరమే రాదు, మామూలు బురద చాలు. అందుకే ఆకుల శిలాజాలు ప్రపంచంలో లెక్కలేనన్ని చోట్ల ఉన్నాయి, రొయ్య కండవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వెళ్లి చూడాలనుకునేవాళ్లు ముందు ఆ పొలం ఎవరిదో కనుక్కుని అడిగి వెళ్లండి, సుత్తి తర్వాత తీయొచ్చు.